పండుగప్పతో కళ్ల పందెం

నా కళ్లద్దాల సంగతి అనకాపల్లి చేపల బజారులో తెలియనివాళ్లు లేరు. రెండు సోడాబుడ్ల అడుగులు కోసి దారంతో కట్టినట్టుండేవి. ఏ చేపకి పొలుసు తీసినా పొలుసులన్నీ వచ్చి వాటిమీదే కూర్చునేవి. ఒకసారి చెమటకి జారి, నేను కడుగుతున్న చేప కడుపులోకే పోయాయి. అద్దాల్లేక అవి కనపడలేదు, అలాగే తూచి ఇచ్చేశాను. కొన్నావిడది మునగపాక. వండబోతే అద్దాలు బయటపడ్డాయట. చదువుకున్న చేపని చంపుకున్నామని ఆవిడ వారంరోజులు కూర ముట్టలేదు.

ఇంక ఈ అద్దాలు వదిలించుకోవాలనుకున్నాను. రెండువేల ఆరు సంగతిది. మా దగ్గర శనివారం శనివారం చేపలు కొనే కృపానిధి మేస్టారు, చర్చిలో పెద్దమనిషి, విశాఖపట్నంలో లేజరుతో చూపు బాగుచేస్తారని చెప్పారు. వెళ్లి పరీక్షలు చేయించుకుంటే డాక్టరమ్మ నా కళ్లు పనికొస్తాయంది. నాకు అక్షరం ముక్క రాదు, మా ఆయనకీ రాదు. అక్కడిచ్చిన కాగితం మేస్టారే చదివిపెట్టారు. అందులో ఒక్క మాట దగ్గర నా గుండె జారింది. వెలుగు కేసి అర నిమిషం పైనే కదలకుండా చూడాలట.

నా రెప్పలు చూశారా, పక్కవీధిలో ఈగ ఎగిరినా కొట్టుకుంటాయి. లేజరు పడేవేళకి రెప్ప వాలిందనుకోండి, రెప్పకి కన్నం పడుతుంది. ఇక జన్మంతా నిద్రలో కూడా ఎదురింటిని చూస్తూ పడుకోవాలి. నవ్వుతారుగానీ, కన్ను పోతే నా బతుకేమిటి? పొద్దున్నే పూడిమడక నుంచి ఆటోలో సరుకు దిగగానే చేప కన్ను చూసి ఈరోజుదో నిన్నటిదో చెప్పేది నేను. కత్తిపీట మీద నా పది వేళ్లూ ఇంకా పదిగానే ఉన్నాయంటే ఈ కళ్ల చలవే.

మా ఆయన పేరు ఎల్లారావు. గంప పక్కన కూర్చుని బీడీ కాల్చడం, నీచు తనకి పడదని చెప్పడం, ఈ రెండూ ఆయన పనులు. నా భయం విని బీడీ పక్కన పెట్టాడు.

"రెప్పెయ్యకండా సూడ్డం ఎవుల దగ్గర నేర్సుకోవాలో తెల్దేటే? సేప దగ్గర నేర్సుకో. ఆ పండుగప్పని నువ్వు గెలిసేవంటే నెల్రోజులు పొలుసు నేనే తీత్తాను."

చేపకి రెప్పే ఉండదని తెలిసి కట్టిన పందెం అది. అయినా సరేనన్నాను.

రోజూ తెల్లారగానే పెద్ద పండుగప్పని పలక మీద నిలబెట్టి, దాని ఎదురుగా గొంతుక్కూర్చునేదాన్ని. మొదటిరోజు నాలుగు లెక్కపెట్టేసరికి ఓడిపోయాను. మూడోరోజుకి జనం మూగారు. అటు రావికమతం బస్సు, ఇటు మాడుగుల బస్సు మా దగ్గర ఆగి చూసి వెళ్లేవి. పదోరోజుకి నలభై దాకా వచ్చాను. కన్నీళ్లు కారి గంపలో ఐసు కరిగిపోయింది. చేప మాత్రం చలించలేదు.

ఆపరేషను రోజు రానే వచ్చింది. కంట్లో చుక్కలు వేశారు, కన్ను మొద్దుబారిపోయింది. పడుకోబెట్టాక డాక్టరమ్మ ఒక చిన్న కమ్మీ పెట్టి రెప్పలు రెండూ విడదీసి ఆపేసింది. ఇక వాల్చుదామన్నా వాలవు. మరి పదిరోజులు చేపతో నేను పడ్డ పాట్లు ఏమైనట్టు? ఆ మాటే డాక్టరమ్మతో చెప్పాలని మొదలుపెట్టాను. పండుగప్ప దాకా వచ్చానో లేదో, టకటకమంటున్న మిషను ఆగిపోయింది.

"చిన్నమ్మలూ, నువ్వు మాట్లాడితే నీ తల కదులుతోంది. కదిలితే నేను ఆపెయ్యాలి. కథ కావాలా, కన్ను కావాలా?"

రెప్పల కోసం పదిరోజులు సాధన చేశాను. నోటి కోసం ఒక్కరోజూ చెయ్యలేదు. పుట్టి ముప్పై ఆరేళ్లలో అర నిమిషం నోరు మూసిన గుర్తు లేదు నాకు. పైన ఎర్రని వెలుగు. వెంట్రుక కాలుతున్న వాసన. ఆ వాసన మీదే మూడు కథలు నాలుక కొసకి వచ్చి నిలబడ్డాయి. అప్పుడు పండుగప్ప జ్ఞాపకం వచ్చింది. దాని నోరు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, ఏనాడూ మాట జారదు. అది రెప్పల పాఠం కాదు నాకు చెప్పింది, నోటి పాఠం. మూడు కథలూ మింగేశాను. మిషను మళ్లీ టకటకమంది. ఒక కన్నయింది, రెండోదీ అయింది.

బయట హాల్లో టీవీ పెట్టి, లోపల జరిగేది మనవాళ్లకి చూపిస్తారు. తట్టంత కన్ను కనపడగానే ఎల్లారావు పక్కవాళ్లకి చెప్పాడట, మా ఆవిడది, ఐసు పెట్టని సరుకు అని. తర్వాత డాక్టరమ్మ నల్లగుడ్డు మీది పల్చటి పొర పైకి ఎత్తింది. మనం చేప మొప్ప ఎత్తి చూస్తామే, అచ్చం అలాగే. అది చూసి ఆయన కుర్చీలోంచి జారి, పక్కావిడ టిఫిను కేరేజీ మీద పడ్డాడట.

ఆ రాత్రి కళ్లలో ఇసక పోసినట్టుంది. తెల్లారి లేచేసరికి గోడమీద బల్లి, బల్లి నోట్లో దోమ, ఆ దోమ మొహంలో దిగులు, అన్నీ కనిపించాయి. ఎల్లారావు మొహం కూడా స్పష్టంగా కనిపించింది. పదిహేనేళ్ల కాపురంలో ఆయనకి మెల్లకన్నని అప్పుడే తెలిసింది.

రెండు వారాలు కంట్లో నీళ్లు పడకూడదని డాక్టరమ్మ చెప్పి, కాగితం మీద రాసిచ్చింది. నేను మూడు నెలలని, అన్నాళ్లూ పొలుసు పని ఆయనదేనని ఇంట్లో చెప్పాను.

ఎల్లారావుకి అనుమానం. శనివారం మేస్టారు రాగానే కాగితం చేతికిచ్చాడు.

"ఎన్నాళ్లుందో సదవండి, మేస్టారూ. ఇది సెప్పింది నమ్మకూడదు."

ఆయన వెనక నిలబడి మేస్టారికి కన్ను కొట్టాను. కొత్త కంటితో కొట్టిన మొదటి కన్ను. మేస్టారు అబద్ధమాడే మనిషి కాదు. కాగితం చూశారు, నన్ను చూశారు, అద్దాలు తీసి తుడుచుకున్నారు.

"కంట్లో నీళ్లు పడకూడదని ఉంది, ఎల్లారావూ. చాలా జాగ్రత్తగా చూసుకోవాలని ఉంది," అన్నారు. కాగితం మడిచి నా చేతికే ఇచ్చారు. "ఆ పండుగప్పకి పొలుసు తీసి ఇవ్వు."

ఎల్లారావు బీడీ చెవికి పెట్టుకుని కత్తిపీట ముందు కూర్చున్నాడు. మొదటి పొలుసు ఎగిరొచ్చి ఆయన నుదుటికి అతుక్కుంది. నేను పండుగప్ప కేసి చూశాను.

నమ్మండి, నమ్మకపోండి, అది నాకు కన్ను కొట్టింది.