వీధి అరుగు మీద

కస్తూరికి తొలి కాన్పులో బిడ్డ దక్కలేదు. తల పగిలిపోతా ఉందని ఎంత చెప్పినా, ఇంట్లోవాళ్లు శొంఠి పట్టు వేసి పడుకోబెట్టారు. ఆ తర్వాత ఇద్దరు పిల్లలు పుట్టి కాలేజీ చదువులకు వచ్చినా ఆ సంగతి ఆమె మరవలేదు. నిరుడు పేటలోని ఆరోగ్య కేంద్రంలో శిక్షణ తీసుకుంది. చెన్నై వాషర్‌మెన్‌పేట్‌లోని తమ మేడ మీద ప్రతి మంగళవారం చుట్టుపక్కల గర్భిణులను కూర్చోబెట్టుకుని ఏం తినాలో, ఏ బాధ వస్తే ఆగకుండా ఆస్పత్రికి పోవాలో చెప్పేది.

పప్పుల మండీ నడిపే మామగారు ధర్మలింగానికి అది గిట్టలేదు. "ఊళ్లో ఆడోళ్ల కడుపుల సంగతి మనకేలమ్మా?" అనేవాడు.

పక్కింటి కోడలు సింధూరికి ఎనిమిదో నెల. ఒకనాటి పొద్దున లేచేసరికి ముఖం ఉబ్బిపోయింది. తలనొప్పి, కళ్ల ముందు మసక.

"దిష్టి తగిలింది. మిరపకాయలు తిప్పేస్తా, పడుకో," అంది అత్త ఆదిలక్ష్మి.

"తిప్పండత్తా. తిప్పినాక నేను ఆస్పత్రికి పోతా."

"మీ ఆయన రానీ."

"ఆయన మాధవరంలో పని ముగించుకుని వచ్చేలోపల నాకు ఫిట్స్ వస్తే? కస్తూరక్క చెప్పింది, దీనికి ఆగకూడదని."

గోడ పట్టుకుని మెట్లు దిగింది. వీధిలో ఆటోను ఆపింది. ఆదిలక్ష్మి వెనకే వచ్చి చెయ్యి పట్టుకుంది. "అందరూ చూస్తా ఉండారు, లోపలికి రా."

"చూడనీండి."

ఆ మాటలకు కస్తూరి బయటికొచ్చింది. ఏమీ అడగకుండా ఆటో ఎక్కి సింధూరిని పట్టుకుని కూర్చుంది. ఆదిలక్ష్మి చెప్పులైనా వేసుకోకుండా తానూ ఎక్కింది.

బీపీ చాలా ఎక్కువగా ఉందన్నారు డాక్టర్లు. మందులిచ్చి, ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల, పిడికెడంత. కొన్ని వారాలు వెచ్చటి పెట్టెలో ఉంచారు. తల్లీ బిడ్డా బతికి ఇల్లు చేరారు.

అయినా ఆదిలక్ష్మి ధర్మలింగం దగ్గర మొరపెట్టుకుంది. "నా కోడలికి ఎదురు మాట్లాడడం నేర్పింది మీ కోడలు."

ఆయన మేడ తలుపుకు తాళం వేశాడు.

మంగళవారం కస్తూరి చాప తెచ్చి వీధి అరుగు మీద పరిచింది. మండీకి బయల్దేరిన ధర్మలింగం గుమ్మంలో ఆగిపోయాడు.

"ఈడేందమ్మా, నడివీధిలో?"

"మేడకు తాళం వేశారు కదా మామా."

"మన పరువేం కావాల?"

"నా తొలి కాన్పులో తల పగిలిపోతా ఉందంటే మీరందరూ విన్నారు. విని, పడుకోమన్నారు. బిడ్డ పోయింది. ఈ వీధిలో ఇంకో పిల్లను అట్లా పడుకోబెట్టనీను. మీరు కోప్పడినా సరే."

అప్పటికే సింధూరి బిడ్డనెత్తుకుని వచ్చి చాప మీద కూర్చుంది. మేడ ఎక్కలేక ఇన్నాళ్లూ రాని ఎదురింటామె కూడా కడుపు పట్టుకుని నెమ్మదిగా వీధి దాటి వస్తోంది. ధర్మలింగం చెప్పులు చేతిలోకి తీసుకుని, వాళ్ల చాప తొక్కకుండా అరుగు పక్కనుంచి వీధిలోకి దిగాడు.

"జరగండమ్మా, ఆమెకు చోటివ్వండి," అని, కస్తూరి ఆనాటి పాఠం మొదలుపెట్టింది.