యజమాని లేని తొంభై ఆరు మెషీన్లు

ఆ కంపెనీ ఇంటి సామాన్లు అమ్ముతుంది. ఫ్యాన్లు, మిక్సీలు, ఇస్త్రీ పెట్టెలు, మంచాలు. కొన్నవాళ్ళు నచ్చక తిప్పి పంపితే ఆ వ్యవహారమంతా చూసుకునే రిటర్నుల అప్లికేషన్ ఒకటుండేది. దాన్ని పదకొండేళ్ళు నడిపింది ఒక ఆవిడ. ఆమె కింద ఏడుగురు పనిచేసేవారు. వాళ్ళు పిలిచిన పిలుపే ఆఫీసంతా పాకి, కాపలావాళ్ళ దగ్గర్నుంచి మేనేజర్ల దాకా అందరికీ ఆమె పెద్దక్క అయిపోయింది. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. కానీ ఒక మాట మనసులో పెట్టుకుందంటే మాత్రం ఇక అంతే సంగతులు.

ఆమె మనసులో పెట్టుకున్నది హుషారును.

అది అతని అసలు పేరు కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏ పని చెప్పినా "చిటికెలో అయిపోతుందక్కా" అంటూ లేచేవాడని పెద్దక్కే పెట్టిన ముద్దుపేరు. నాలుగేళ్ళు పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుని పని నేర్పింది. టైఫాయిడ్‌తో నెల రోజులు మంచం పడితే అతని వంతు పని కూడా తనే చేసింది. అమ్మకాల పోర్టల్‌కు మేనేజర్ కావాలని పైవాళ్ళు అడిగినప్పుడు "మా తమ్ముడున్నాడు, కళ్ళు మూసుకుని ఇవ్వండి" అని చెప్పింది కూడా ఆమే.

రెండేళ్ళ కిందట రిటర్నుల అప్లికేషన్‌ను మూసేశారు. ఒక్క వస్తువును తిప్పి తీసుకోవడానికి అయ్యే ఖర్చు ఒక్కసారిగా ఎనిమిదింతలు పెరిగిందని నివేదిక వచ్చింది. పెద్దక్క నమ్మలేకపోయింది. "ఏయే మెషీన్లు, ఎన్ని? జాబితా చూపించండి" అని అడిగింది. అంత టైము లేదన్నారు. ఆ పని బయటి సంస్థకు అప్పగించేశారు. ఆ మీటింగులో హుషారు ఆమె పక్కనే కూర్చున్నాడు. "ఏం చేస్తామక్కా, లెక్కలు లెక్కలే కదా" అంటూ దిగులుగా తలూపాడు. ఏడుగురికీ ఒకే శుక్రవారం ఉద్యోగాలు పోయాయి. అట్టపెట్టెలు పట్టుకుని లిఫ్టు ముందు వరుసగా నిలబడిన వాళ్ళను ఆఫీసంతా తలలెత్తి చూసింది.

పెద్దక్కను మాత్రం ఉంచుకున్నారు. సర్వర్ల హాలు పక్కన, కిటికీ లేని ఒక గది ఇచ్చి ఏవో నివేదికలు తయారుచేయమన్నారు.

రెండేళ్ళు గడిచాక కొత్త ఆర్థిక డైరెక్టర్ వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, మాటల్లో పిసినారిగా ఉండే మనిషి. వచ్చీ రాగానే ఒక ప్రశ్న వేశాడు. "పదకొండు వందల పైచిలుకు వర్చువల్ మెషీన్లు తిరుగుతున్నాయి. ఏది ఏ అప్లికేషన్‌దో ఎవరైనా చెప్పగలరా?" ఎవరూ చెప్పలేకపోయారు.

వర్చువల్ మెషీన్ అంటే చేత్తో పట్టుకునే పెట్టె కాదు. ఒక పెద్ద సర్వరును వాటాలుగా చేసి, ఒక్కో వాటాను ఒక్కో కంప్యూటరులా వాడుకుంటారు. ఇల్లు ఒకటే, వాటాలు పది, కరెంటు మీటరు మాత్రం ఒకటి. ఎవరి వాటా బిల్లు ఎంతో తెలియాలంటే ప్రతి మెషీన్‌కూ ఒక ట్యాగ్ కడతారు. ఇది ఫలానా అప్లికేషన్‌ది అని చెప్పే చీటీ అన్నమాట. ఆ చీటీ మీద ఎవరి పేరుంటే ఖర్చు వాళ్ళ నెత్తిన పడుతుంది. ఆ చీటీలన్నీ సరిచూసే పని పెద్దక్కకు అప్పగించారు.

ఒక్కొక్క మెషీన్‌నూ పట్టుకుని, అది ఎవరితో మాట్లాడుతోంది, ఏ పని చేస్తోంది అని ఆరా తీస్తూ పోయింది. నాలుగో నెలలో ఆమె చెయ్యి ఒక్కసారిగా ఆగిపోయింది. తెర మీద రిటర్నుల అప్లికేషన్ పేరుతో తొంభై ఆరు మెషీన్లు కనిపించాయి. బతికే ఉన్నాయి, నడుస్తూనే ఉన్నాయి.

తన అప్లికేషన్‌కు ఉన్నవి పద్నాలుగు. మూసేసిన రోజు ఒక్కొక్కటీ దగ్గరుండి ఆపించింది. మరి ఈ తొంభై ఆరూ ఎక్కడివి? వాటి రాకపోకలు చూసింది. తొంభై ఆరూ పొద్దస్తమానం మాట్లాడేది ఒక్క అమ్మకాల పోర్టల్‌తోనే. ట్యాగులు ఎప్పుడు మారాయో చిట్టా తెరిచింది. అన్నీ ఒకే రోజు, అరగంటలో మారాయి. నివేదిక రావడానికి పదకొండు రోజుల ముందు. మార్చినది హుషారు లాగిన్.

తన అప్లికేషన్ పేరుతో ట్యాగు కట్టే హక్కు అతనికి ఎక్కడిదో ఆమెకు వెంటనే గుర్తొచ్చింది. తన దగ్గర పనిచేసే రోజుల్లో తనే ఇచ్చింది. అతను వెళ్ళాక తీసేయడం మర్చిపోయింది. మర్చిపోవడమేమిటి, మా తమ్ముడే కదా అని ఊరుకుంది.

పద్నాలుగుకు తొంభై ఆరు కలిపితే నూటపది. ఎనిమిదింతలు ఎక్కడి నుంచి వచ్చాయో తేలిపోయింది. తన పోర్టల్ చవకగా కనబడడానికి బరువంతా తెచ్చి ఆమె నెత్తిన పెట్టాడు. ఆమె మునిగిపోతుంటే పక్కనే కూర్చుని తలూపాడు. ఆమె అప్లికేషన్‌ను మూసేశాక ఆ తొంభై ఆరింటి ఖర్చు ఎవరికీ చెందని ఉమ్మడి పద్దులో కలిసిపోయింది.

పెద్దక్క లేచి వెళ్ళి ముఖం కడుక్కుంది. తిరిగొచ్చి క్యారేజీ విప్పి, మెతుకు మిగలకుండా తిన్నది. నేరుగా డైరెక్టర్ దగ్గరికి వెళితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. "పొరపాటు జరిగింది సార్" అంటాడు. మూసిన తలుపు వెనక నాలుగు మాటలు, ఒక ఈమెయిల్, అంతటితో సరి. ఏడుగురిని అందరి కళ్ళ ముందూ బయటికి పంపి, ఇతన్ని తలుపు చాటున వదిలేస్తారా? ఆ ఆలోచనకే ఆమెకు ఒళ్ళు మండింది.

చిట్టాను నాలుగు కాగితాల మీద అచ్చు తీసి సంచిలో పెట్టుకుంది. మళ్ళీ చాటుగా ట్యాగులు మార్చకుండా, పోర్టల్ మనుషులకు ట్యాగుల జాబితాలో ఉన్న హక్కులన్నీ తీసేసింది. ఆ తర్వాత డైరెక్టర్ కోసం కొత్త నియమాలు రాయడానికి కూర్చుంది. ఆరో నియమం ఇది: ఇప్పుడు నడుస్తున్న ఏ అప్లికేషన్‌కూ చెందని మెషీన్ల జాబితా మేనేజర్లందరికీ పంపాలి, పద్నాలుగు రోజుల్లో ఎవరూ సంతకం చేసి తమవని ఒప్పుకోకపోతే వాటిని ఆపేయాలి. డైరెక్టర్ చదివి, "ఇది బాగుంది" అని సంతకం పెట్టాడు. అందులో తప్పు పట్టేందుకు ఏమీ లేదు. కానీ ఆ వాక్యంలో ప్రతి మాటా ఆమె ఒకే ఒక్క మొహాన్ని తలచుకుంటూ రాసింది.

జాబితా వెళ్ళిన మూడో రోజే హుషారు ఆమె గదికి వచ్చాడు. రెండేళ్ళలో ఆ గదిలో కాలుపెట్టడం అదే మొదటిసారి. చేతిలో రెండు కాఫీ కప్పులు.

"ఎలా ఉన్నావక్కా? కనపడడమే మానేశావు."

"ఇక్కడే ఉన్నాను. దారి నువ్వే మర్చిపోయావు."

నవ్వేశాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఆ తొంభై ఆరు మెషీన్ల గురించి. అవి అందరూ వాడుకునేవిలే అక్కా. ఉమ్మడి పద్దులోనే ఉంచెయ్యి."

"అందరూ అంటే ఎవరెవరు? పేర్లు చెప్పు, రాసుకుంటాను."

"అంత వివరంగా ఎందుకులే ఇప్పుడు."

"నీవైతే సంతకం చెయ్యి. నీవి కాకపోతే నీకెందుకు బెంగ?"

ఆ నెలాఖరుకు అప్లికేషన్లన్నిటికీ కలిపి ఒక పెద్దను ఎంచుకోబోతున్నారు. అందరికన్నా చవకగా నడిపేవాడన్న పేరు మీదే అతను ముందున్నాడు. ముప్పై ఎనిమిది మెషీన్లతో ఇంత అమ్మకమా అని పైవాళ్ళు ముచ్చటపడుతున్నారు. ఇప్పుడు సంతకం చేస్తే ముప్పై ఎనిమిది కాస్తా నూటముప్పై నాలుగవుతుంది.

"అక్కా, నాకిది మంచి అవకాశం. నెల రోజులు ఆగు, చాలు. పైకి వెళ్ళాక నిన్ను ఈ చీకటి కొట్లోంచి నేనే బయటికి తెస్తాను. ఒట్టు."

"గడువు గురువారం," అంది పెద్దక్క. కాఫీ ముట్టుకోలేదు.

అతను వెళ్ళిపోయాడు. సంతకం చేయలేదు. అక్క బెదిరిస్తోందే గాని అంత పని చేయదులే అనుకున్నాడు. నాలుగేళ్ళు పక్కన కూర్చున్నవాడు, ఆమె మెతకదనమే చూశాడు.

మెషీన్లను ఆపే మీట సర్వర్ల హాలు సూపర్‌వైజర్ చేతిలో ఉంటుంది. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి, అందరికీ బాబాయి. పెద్దక్క ఆయనకు కాగితం ఇచ్చింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివాడు.

"గురువారం పదకొండున్నరకే ఎందుకమ్మాయ్? గడువు పొద్దున్న తొమ్మిదికే అయిపోతుందిగా."

"పదకొండింటికి అతను పైవాళ్ళందరి ముందూ పోర్టల్ చూపిస్తాడు బాబాయ్."

బాబాయి ఆమెను ఎగాదిగా చూశాడు. "నువ్వు చేసేది నియమం ప్రకారమా, పగ తీర్చుకోడానికా?"

"రెండూనూ."

ఆ శుక్రవారం లిఫ్టు ముందు నిలబడ్డ ఏడుగురినీ ఆయన కూడా చూశాడు. "డబ్బు కట్టే దారిలో ఉన్న మెషీన్ల జోలికి మాత్రం నేను పోను. మన కంపెనీ దుకాణాల్లో జనం నిలబడిపోతారు. వాళ్ళేం పాపం చేశారు? మిగతావి ఒక్కొక్కటే ఆపుతా. ఎవరైనా నావి అంటే వెంటనే వదిలేస్తా."

"అంతే చాలు."

గురువారం మీటింగు గదిలో పొడవాటి బల్ల చుట్టూ పన్నెండు మంది కూర్చున్నారు. పెద్దక్క తలుపు దగ్గరి కుర్చీలో, ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చుంది. హుషారు కొత్త చొక్కా తొడుక్కుని గోడ మీది తెర పక్కన నిలబడ్డాడు. గొంతు ఖంగుమని మోగుతోంది.

"ముప్పై ఎనిమిది మెషీన్లు సార్. మొత్తం పోర్టల్ నడిచేది ఈ ముప్పై ఎనిమిదింటి మీదే."

పదకొండున్నర అయింది. తెర మీద ఫ్యాన్ల బొమ్మలు మాయమై, ఖాళీ చతురస్రాలు మిగిలాయి. "నెట్‌వర్క్ కొంచెం నెమ్మదిగా ఉన్నట్టుంది" అని హుషారు మళ్ళీ నొక్కాడు. వెతికే పెట్టె పనిచేయలేదు. మరో నిమిషానికి అమ్మకాల అంకెలు సున్నాలయ్యాయి. ఇంకో నిమిషానికి తెరంతా తెల్లగా అయిపోయింది. అతని ఫోన్ బల్ల మీద ఆగకుండా గిలగిలా కొట్టుకోసాగింది.

"ఏమైంది?" అన్నాడు డైరెక్టర్.

హుషారు తలుపు వైపు చూశాడు. పెద్దక్క చూపు తిప్పుకోలేదు.

"ఆరో నియమం సార్," అందామె మామూలు గొంతుతో. "ఎవరివీ కాని తొంభై ఆరు మెషీన్లను ఇప్పుడు ఆపుతున్నాం. పద్నాలుగు రోజులు చూశాం. ఎవరూ తమవని సంతకం చేయలేదు."

"మరి పోర్టల్ ఎందుకు పడిపోయింది?"

హుషారు చొక్కా చంకల దగ్గర తడిసింది.

"అక్కా, ఆపమను," అన్నాడు మెల్లగా.

"ఎవరివని చెప్పి ఆపమనాలి?"

"అవి... కొన్ని మావే."

"కొన్నా? ఎన్నో చెబితే అన్నే వదులుతారు."

ఫోన్ మళ్ళీ మోగింది. అతను దాన్ని చూశాడు, డైరెక్టర్‌ను చూశాడు, నేలను చూశాడు. "మొత్తం మావే. తొంభై ఆరూ."

"గట్టిగా చెప్పు తమ్ముడూ, ఆ చివర ఉన్నవాళ్ళకు వినపడలేదేమో."

ఆ మాట అక్కర్లేదని ఆమెకే తెలుసు. అన్నది. అతను మళ్ళీ చెప్పాడు. ఆమె బాబాయికి ఫోన్ చేసింది. కాసేపట్లో ఫ్యాన్లు, మిక్సీలు తెర మీదికి ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. అవి వస్తుండగానే పెద్దక్క సంచిలోంచి నాలుగు కాగితాలు తీసి డైరెక్టర్ ముందు పెట్టింది. ఆయన లాగిన్ పేరు మీద వేలు ఉంచి, తేదీ మీదికి జరిపి, చాలాసేపు తల ఎత్తలేదు.

"ఈ రెండేళ్ళూ?" అన్నాడు చివరికి.

ఆ పెద్ద పదవి ఇంకొకరికి పోయింది. హుషారును పోర్టల్ నుంచి తప్పించి గోదాము వైపు పంపారు. నాలుగు నెలలు ఓపిక పట్టి రాజీనామా ఇచ్చాడు. పెద్దక్కకు కూడా ఒక కాగితం అందింది. ఆపడానికి ఆ వేళనే ఎంచుకున్నందుకు లిఖిత హెచ్చరిక. చదివి, సంతకం పెట్టి ఇచ్చేసింది. పాత నివేదికను సరిదిద్దమని పట్టుబట్టింది. అది మాత్రం చేశారు. అప్లికేషన్‌ను తిరిగి తెరవడం కుదరదన్నారు.

అతని ఖాళీ కుర్చీ పక్క నుంచి వెళ్ళడానికి ఆమె కొన్నాళ్ళు కావాలనే దూరపు టీ మెషీన్ దాకా నడిచేది. జాలి కలుగుతుందేమోనని ఎదురుచూసింది కూడా. కలగలేదు.

సరిదిద్దిన నివేదికను ఏడు ప్రతులు తీసి ఆదివారాల్లో తనే పట్టుకెళ్ళి ఇచ్చింది. ఇద్దరు ఊళ్ళో లేరు, పోస్టులో పంపింది. ఒకతను గుమ్మంలోనే తీసుకుని తలుపేసుకున్నాడు. చివరికి మిగిలింది టెస్టర్ అమ్మాయి. ఏడుగురిలో చిన్నది. ఇప్పుడు ఒక కొరియర్ ఆఫీసులో ఫోన్లు ఎత్తుతోంది, అప్పటి జీతంలో సగానికి. టైర్ల దుకాణం పై గదిలో భర్తతో, పాపతో ఉంటోంది.

మెట్లెక్కి వచ్చిన పెద్దక్కకు మంచినీళ్ళిచ్చి, కాగితం చదివి, తిప్పి చూసి, మంచం మీద పెట్టేసింది.

"దీంతో నేనేం చేసుకోను పెద్దక్కా? ఉద్యోగం ఇస్తారా?"

"ఇవ్వరే."

"పోనీ సారీ అయినా చెబుతున్నారా?"

"లేదు. మన ఖర్చు ఎప్పుడూ పద్నాలుగు మెషీన్లదేనని రాశారు, అంతే."

అమ్మాయి కిటికీలోంచి కిందికి చూసింది. దుకాణంలో ఎవరో రబ్బరు మీద సుత్తితో కొడుతున్నారు. పాప వచ్చి కాగితం లాగబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"అందరి ముందూ ఒప్పుకున్నాడా?"

"రెండుసార్లు."

"రెండోసారి ఎందుకు?"

"నేనే చెప్పించాను."

అమ్మాయి ఇటు తిరిగింది. మంచం అంచున కూర్చుని పాపను ఒళ్ళోకి లాక్కుంది. కళ్ళల్లో నీళ్ళున్నాయి గానీ గొంతు గట్టిగానే ఉంది.

"ఫ్యాన్ల బొమ్మలు పోయినప్పుడు వాడి మొహం ఎలా ఉంది? అక్కడి నుంచి చెప్పు. ఒక్క ముక్క వదలొద్దు."

పెద్దక్క గ్లాసు కింద పెట్టి, కుర్చీ దగ్గరికి జరుపుకుని, మొదలుపెట్టింది.