నాన్న నడిచే వేళ

ఎడంపక్క పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచి తోమాకి మాట ముద్దగా వస్తోంది గాని, పాట మాత్రం పాటలాగే వస్తోంది. ఆదివారం ఆరాధనలో అందరికంటే ముందు కీర్తన ఎత్తుకున్న గొంతు మరి. కూతురు మిరియం అది కనిపెట్టింది. పొద్దువాలే వేళ నాన్న చెయ్యి పట్టుకుని కీర్తన అందిస్తుంది. దరువు పడ్డచోటల్లా ఆయన కాలు పడుతుంది. పాట ఆగిందా, కాలూ ఆగుతుంది. ఇందుకోసమే ఆమె చోడవరం బజారులో టైలరింగ్ షాపులో పని మానేసి, ఇంట్లోనే మిషను వేసుకుంది.

ఆమె షాపుని మానేసింది గాని షాపు ఆమెను మానలేదు. కీర్తన అందుకునేసరికి ఫోను మోగేది. షాపులో ఇన్నాళ్లూ ఆమె పక్కన కూర్చుని కుట్టిన దేవిశ్రీ.

"అక్కా, ఒక్క నిమిషం. జాకెట్టు బోటు నెక్కుకి లోపల కేన్వాసు ఎంత ఎయ్యాలి?"

ఆ ఒక్క నిమిషం, చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు రేపెళ్లిపోతామన్నట్టే సాగేది.

ఒకనాడు మిరియం ఫోనులో ఉండగా తోమా పాట మరిచిపోయాడు. గోడ పట్టుకుని అలాగే జారి కూలబడ్డాడు. దెబ్బ తగల్లేదు. కాని మర్నాడు లేవనన్నాడు.

"ఫోను... వస్తాది. ఎందుకులే అమ్మా."

ఆ మాట మిరియంకి సూదిలా దిగింది. వెంటనే దేవిశ్రీకి ఫోను చేసింది.

"దేవీ, నాన్న నడిచే వేళ నాను ఫోనెత్తనే. మధ్యాన్నం అన్నాలు తిన్నాక చెయ్యి. ఎంతసేపైనా సెప్తాను."

"సొంత మిషను వచ్చీసరికి మనుషులు మారిపోతారేటక్కా?"

నాలిక చివరి దాకా వచ్చిన జవాబుని మిరియం దారంలా పంటితో కొరికేసింది. "నాను మారలేదే. వేళ మారింది."

తర్వాత ఫోను రాలేదు. ఒక సాయంత్రం దేవిశ్రీయే ఆటో దిగి వచ్చింది. ఏడ్చి ఏడ్చి మొహం వాచి ఉంది, చేతిలో సంచి.

"పెళ్లికూతురు జాకెట్టక్కా. గుడ్డ మడత తప్పు పెట్టీసేను. రెండూ ఎడం చేతులే వచ్చీసేయి."

తోమా ఒక కాలు అప్పుడే ఎత్తి ఉన్నాడు. మిరియం చూపు సంచి మీదికి పోయింది గాని, పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

"కూకో. జామచెట్టు దాకా ఎళ్లొస్తాం."

దేవిశ్రీ అరుగు మీద కూర్చుంది. తాను ఫోను చేసినప్పుడల్లా అవతల ఆగిపోయేది ఏమిటో ఇప్పుడు చూసింది. కీర్తన ఆమెకి రాదు. కాసేపయ్యాక అరుగు మీద వేళ్లతో మెల్లగా దరువు వేసింది. తోమా జామచెట్టు ముట్టుకుని తిరిగొచ్చాడు.

"రెండూ ఎడం... చేతులేనా?" అన్నాడు ఆయాసపడుతూ. "నాకొకటి ఇచ్చీయవే గుంటా. నాది పనిసెయ్యదు."

దేవిశ్రీ నవ్వబోయి ఏడ్చింది.

మిరియం గుడ్డ పరిచి చూసింది. "జాకెట్టుగుడ్డ మిగల్లేదు. పెళ్లిచీర లోపలి చివర కొంచెం కత్తిరిస్తే కుడిచెయ్యి వస్తాది. కట్టుకుంటే కనపడదు. ముందు పెళ్లోళ్లకి నిజం సెప్పి అడుగు. ఒప్పుకుంటే రేపు మధ్యాన్నం రా. కత్తెర నువ్వే పట్టుకుంటావు, నాను పక్కన కూకుంటాను."

మర్నాడు మధ్యాహ్నం దేవిశ్రీ చీర తెచ్చి కత్తిరించుకుని వెళ్లింది. సాయంత్రం తోమా సగం దారిలో ఆగి, కిటికీలోని ఫోనుకేసి చూశాడు.

"ఈయాల రాదేటి?"

"రాదు నాన్నా."

"ఎలా కుట్టిందో... పాపం."

"రేపు అన్నాలయ్యాక సెప్తాదిలే. నువ్వు పాట ఎత్తుకో."