లేదని అయినా చెప్పండి

"మంగళవారం లోపల ఫోన్ చేస్తాం" అన్నాడు సూపర్‌వైజరు. నేను నమ్మాను. ఇరవై రెండేళ్ళు ఒకే యూనిఫాం ఫ్యాక్టరీలో కత్తెర పట్టినదాన్ని, ఇంటర్వ్యూల భాష నాకేం తెలుసు? ఆ ఫ్యాక్టరీ మూతపడి ఐదు నెలలైంది. అప్పటి నుంచి నా చేతులు నా మాట వినడం మానేశాయి. మంచం మీద దుప్పటి పరిచినా సరే, ఎక్కడ కోస్తే తక్కువ వృథా అవుతుందో చూసుకుంటున్నాయి.

కొత్తచోట సినిమా హాళ్ళ సీట్లకు కవర్లు కుడతారు. కటింగ్ మాస్టర్ కావాలని ప్రకటన వేస్తే నలుగురం వెళ్ళాం. పది నిమిషాలు మాటలు, ఆ తర్వాత పరీక్ష. ఒక్కొక్కరికీ ఎర్రటి ముఖమల్ గుడ్డ ఇరవై పొరలు పరిచి ఇచ్చారు. సీటు ముక్కలు, వీపు ముక్కలు కోయాలి. ఎవరికి గుడ్డ ఎక్కువ మిగిలితే వాళ్ళదే పైచేయి. నేను అట్ట నమూనాలను ఒకటి నిలువుగా, దాని పక్కది తలకిందులుగా ఇరికించి, సుద్దతో గీసి, చకచకా కోసేశాను. సూపర్‌వైజరు మిగిలిన గుడ్డను టేపుతో కొలిచి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ కొలిచాడు. నా తర్వాత కోసిన తెల్లమీసాల పెద్దాయన గంటన్నర తీసుకుని జానెడు మిగిల్చాడు. పాపం అనుకున్నాను. నిజం చెప్పాలంటే లోపల్లోపల మురిసిపోయాను.

మంగళవారం వచ్చింది, పోయింది. వంటింట్లోకి, స్నానాల గది గుమ్మం దాకా, బట్టలు ఆరేసే చోటికి ఫోన్ మోసుకు తిరిగాను. అది రెండుసార్లు మోగింది. ఒకటి రాంగ్ నంబరు, రెండోది మా ఆడపడుచు.

"ఫోన్ వచ్చిందా వదినా?"

"రాలేదు."

"నువ్వు మాత్రం చెయ్యకు. మనం వెంటపడితే చులకనైపోతాం. కావాలంటే వాళ్ళే చేస్తారు."

మా ఆడపడుచు ఇంతవరకూ ఒక్క రోజు ఉద్యోగం చేసిన పాపాన పోలేదు. అయినా ఉద్యోగాల గురించి ఆవిడకు తెలియని సంగతంటూ లేదు.

బుధవారం తొమ్మిదింటికి నేనే ఫోన్ చేశాను. సార్ మీటింగ్‌లో ఉన్నారంది రిసెప్షన్ అమ్మాయి. పదకొండింటికీ మీటింగే. మూడింటికీ మీటింగే.

"పొద్దుట్నుంచీ మీటింగేనా? పాపం, మీ సార్‌ని అన్నమైనా తిననిస్తున్నారా అమ్మా?" అన్నాను.

ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేక దగ్గింది. "ముఖమల్ మేడమ్ చేశారని రాసిపెడతానండీ" అంది.

సాయంత్రం మా అమ్మాయి నా తరఫున ఈమెయిల్ రాస్తానని కూర్చుంది. "మీ అమూల్యమైన సమయాన్ని కేటాయించినందుకు హృదయపూర్వక కృతజ్ఞతలు" అని చదివి వినిపించింది.

"ఇదేంటే, సన్మానపత్రంలా ఉంది?"

"అందరూ ఇలాగే రాస్తారమ్మా. పోనీ నువ్వు చెప్పాల్సింది ఏముందో చెప్పు, అదే రాస్తాను."

నాకో అలవాటుంది. కొత్త గుడ్డ ఏది కోసినా వేలెడు పీలిక దాచుకుంటాను. బిస్కెట్ల డబ్బా నిండా అవే. పరీక్షలో దాచుకున్న ఎర్ర పీలిక ఇంకా డబ్బాలో చేరలేదు, టేబుల్ మీదే ఉంది. నా జవాబు కోసం చూస్తూ మా అమ్మాయి దాన్ని వేలితో నిమురుతోంది.

"భలే ఉందమ్మా ఇది. ఇటు నిమిరితే నల్లగా ఉంది, అటు నిమిరితే మెరుస్తోంది. రెండు వేరే గుడ్డల్లా లేవూ?"

ఆ పీలిక లాక్కుని దీపం వెలుగులో అటూ ఇటూ నిమిరాను.

ముఖమల్‌కు నూగుంటుంది. ఆ నూగు ఒకవైపుకే వాలి ఉంటుంది. అందుకే ముక్కలన్నీ ఒకే దిక్కుగా పెట్టి కోయాలి. తలకిందులుగా కోసినవి కలిస్తే, హాల్లో దీపాలు వెలగగానే ఒక సీటు ఎర్రగా, పక్కది నల్లగా కనిపిస్తుంది. ఇది నాకు తెలియక కాదు, కత్తెర పట్టిన మొదటి ఏడాదే నేర్చుకున్నాను. కానీ సాదా యూనిఫాం గుడ్డకు నూగు ఉండదు, ఎటు తిప్పినా ఒకటే. ఇరవై రెండేళ్ళు అలా ఇరికించి ఇరికించి, నేను ఆలోచించేలోపే నా చేతులు పని కానిచ్చేశాయి. పెద్దాయనకు గంటన్నర ఎందుకు పట్టిందో అప్పుడు అర్థమైంది.

ఆడపడుచు సంగతి విని ఫోన్లోనే కసిరింది. "వాళ్ళు కనిపెట్టలేదుగా! ముందు ఉద్యోగం రానీ వదినా. చేతులారా పోగొట్టుకుంటారా ఎవరైనా?"

"అవి కుట్టేస్తారు. సీట్లకు బిగించేస్తారు."

"బిగిస్తే నీకేం?"

నాకు ఈ ఉద్యోగం కావాలి. నలభై ఏడేళ్ళ మనిషి కోసం ఇంకో ప్రకటన పడుతుందన్న నమ్మకం నాకు లేదు. కానీ నేను కోసిన గుడ్డ ఎక్కడో రెండు రంగుల్లో నా పరువు తీస్తూ ఉంటుందని తెలిసి ఊరుకోవడం నా వల్ల కాదు. భయం వేసింది, నా చేతుల మీద ఒళ్ళు మండింది కూడా. ఈమెయిల్ వద్దన్నాను.

గురువారం ఎనిమిదింటికల్లా అక్కడున్నాను. రిసెప్షన్ అమ్మాయి "సార్ మీటింగ్..." అని మొదలుపెట్టి, నా ముఖం చూసి ఆగిపోయింది. "కటింగ్ గదిలో ఉన్నారు. నేను చెప్పానని అనకండి" అంది.

సూపర్‌వైజరు నన్ను చూసి నవ్వాడు. "మీకే చేద్దామనుకుంటున్నా, పని ఒత్తిడిలో కుదర్లేదు. మీ అపాయింట్‌మెంట్ కాగితం టైపయింది. యజమాని సంతకం ఒక్కటే తరువాయి. అంత గుడ్డ మిగిల్చినవాళ్ళని నేను చూడలేదండీ."

ఆ కాగితం టేబుల్ మీద నాకు కనిపిస్తూనే ఉంది. నోరు మూసుకుంటే సరిపోతుంది. ఒక్క క్షణం నిజంగానే మూసుకున్నాను.

"అంత మిగిలింది తప్పుగా కోసినందుకే సార్. ఆ ముక్కలు కుట్టుకి వెళ్ళాయా?"

"మధ్యాహ్నం వెళ్తాయి. ఏం?"

రెండు ముక్కలు తీసి కిటికీ వెలుగులో పక్కపక్కన పరిచాను. ఆయన స్టోర్సు నుంచి వచ్చిన మనిషి, గుడ్డను టేపుతోనే చూస్తాడు. ఇప్పుడు కళ్ళతో చూశాడు. నవ్వు పోయింది. ఆయనే వెళ్ళి పెద్దాయన కోసిన కట్ట తెచ్చి విప్పాడు. అన్నీ ఒకే ఎరుపు.

"అయితే ఈ ఉద్యోగం ఆయనది కదా?" అన్నాడు నెమ్మదిగా.

"ఆయనదే సార్."

ఆ మాట నా నోటితో అనాల్సి వచ్చినందుకు ఏడుపొచ్చింది. ఏడవలేదు. సుద్దముక్క అడిగి తీసుకుని, ప్రతి ముక్క వెనకా నూగు వాలిన దిక్కుకు బాణం గుర్తు గీశాను. తిరగబడ్డ ముక్కలన్నీ వేరే కట్ట కట్టి, "ఇవి ఆఖరి వరస సీట్ల వెనక్కి వాడండి, అటు గోడే ఉంటుంది" అన్నాను. అంతా అయ్యేసరికి పన్నెండైంది.

"సోమవారం లోపల ఏ సంగతీ ఫోన్ చేసి చెప్తాం" అన్నాడు సూపర్‌వైజరు.

"మీరు చెయ్యకపోతే మంగళవారం తొమ్మిదింటికి నేను చేస్తాను" అన్నాను.

సోమవారం ఫోన్ రాలేదు. మంగళవారం తొమ్మిదింటికి చేశాను. మొదటి రింగుకే ఎత్తింది ఆ అమ్మాయి. "ముఖమల్ మేడమ్, ఉండండి, ఇప్పుడే ఇస్తాను!"

సూపర్‌వైజరు గొంతు సవరించుకున్నాడు. "పెద్దాయనకి నిన్న ఫోన్ చేశానండీ. మంగళవారం దాకా చూశారట, బుధవారమూ చూశారట. మా నుంచి కబురు లేకపోయేసరికి వద్దనుకున్నామనుకున్నారు. శుక్రవారం ఇంకోచోట చేరిపోయారు. ఒక్క ఫోన్ చేసుంటే ఆగేవాణ్ణి కదయ్యా అన్నారు." కాగితం తిప్పిన చప్పుడైంది. "మీ కాగితం మీద సంతకం అయింది. రేపు రాగలరా?"

సంతోషం వేసింది. దాని వెనకే మనసు చివుక్కుమంది. నన్ను రెండో మనిషిగా పిలిచారని కాదు. ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిరిగే ఆ తెల్లమీసాల మనిషి కళ్ళముందు మెదిలాడు.

"ఎనిమిదింటికి అక్కడుంటాను సార్. మరి మిగతా ఇద్దరికీ చెప్పారా?"

"ఏ ఇద్దరు?"

"పరీక్షకి నలుగురం వచ్చాం కదా."

"వాళ్ళని తీసుకోవట్లేదుగా. ఫోన్ చేసి ఏమని చెప్పమంటారు?"

"లేదనే చెప్పండి సార్. అది తట్టుకోగలం. ఫోన్ మోగకపోతేనే తట్టుకోలేం."

అవతల ఆయన రిసెప్షన్ అమ్మాయిని పిలిచి, ఆ ఇద్దరి నంబర్లూ తెమ్మనడం వినిపించింది.