గేటు దగ్గర విడిచిన చెప్పులు

వాళ్లు మెట్లెక్కి రావడం నాకు వినపడలేదు. పగలంతా ఫ్లాట్లో ఒక్కదాన్నే ఉంటాను. ఏ అడుగు ఎవరిదో తలుపు వెనక నుంచే చెప్పగలను. ఆ రోజు మాత్రం ఎదురింటి బెల్లు మోగాకే తలుపు తీశాను. మెట్ల నిండా ఆడవాళ్లు, వట్టి కాళ్లతో. వీధులూడ్చే వాళ్ల చెప్పులు పైకి రాకూడదని వాచ్‌మన్ గేటు దగ్గరే విడిపించాడట.

ఎదురింటి కోదండం పారిశుధ్యం కాంట్రాక్టరు. శ్రీకాకుళం వైపు నుంచి ఈ బెంగాలీ ఊరికి వచ్చిన మన తెలుగువాళ్లనే పనిలో పెట్టుకుని, ఒక ఉదయం అందరినీ తీసేశాడు. కార్మికుల బీమా ఆఫీసుకి మాత్రం వాళ్లే మానేశారని రాసిచ్చాడు. మానేసిన వాళ్లకు నిరుద్యోగ భత్యం రాదు. ఆఫీసు కాదంటే వీళ్లు కోర్టులో అప్పీలు చేశారు. కోదండానికి నోటీసు అందితేనే విచారణ. పోస్టులో పంపినవన్నీ తిరిగొచ్చాయి. ఈసారీ అందకపోతే అప్పీలు కొట్టేస్తానన్నాడు జడ్జి.

కోదండం భార్య తలుపు సందులోంచి, "ఆయన ఊళ్లో లేరు" అని గడియ పెట్టేసుకుంది.

నరసమ్మ అనే పెద్దామె గుమ్మం ముందున్న తోలు చెప్పులు చూపించింది. "ఊళ్లో నేకపోతే ఈ జోళ్లేటి?"

"జోళ్లని కాపలా పెట్టి కాళ్లు ఊరెళ్లినాయి పిన్నీ!" అంది వెనకనున్న పుష్పరాణి. అందరూ నవ్వారు. లోపల టీవీ చప్పుడు ఆగిపోయింది.

నోటీసు పట్టుకుని వాళ్లతో వచ్చిన కోర్టు బంట్రోతు బెంగాలీ ఆయన. నా వైపు తిరిగి, వాళ్ల భాషలో వదినా అని పిలిచాడు. "బౌదీ, మనిషి దొరక్కపోతే కాగితం తలుపుకి అంటిస్తాను. ఇల్లు ఆయనదేనని ఇక్కడివాళ్లెవరైనా చెప్పి సంతకం పెట్టాలి. వీళ్లు కేసు వేసినవాళ్లు, వీళ్ల మాట చెల్లదు."

పై అంతస్తుల్లో తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి.

"పద పిన్నీ. ఈళ్లూ ఈళ్లూ ఒకటే," అంది పుష్పరాణి.

"ఎక్కడికే? ఇప్పుడెల్లిపోతే మనమే మానేసినట్టు. కూకోండి. ఎవులో ఒకరు ఈ మెట్లు దిగకపోరు."

అందరూ కూర్చున్నారు. కాలు పెట్టే సందు లేదు. నరసమ్మ నన్ను బతిమాలలేదు, నా వైపు చూసిందంతే.

"నిన్న సాయంత్రం ఆయన పైకొచ్చాడు. మళ్లీ దిగలేదు. అడుగు నాకు తెలుసు. ఇల్లు ఆయనదే," అన్నాను. సంతకం పెట్టాను. బంట్రోతు తలుపుకి జిగురు రాశాడు.

సాయంత్రం మా ఆయన జయదేవ్ ఆ కాగితం చూసి, వాచ్‌మన్ చెప్పింది వినే లోపలికి వచ్చారు. "కోదండం మా బ్యాంకు బ్రాంచి ఖాతాదారు. ఆ ఊడ్చేవాళ్ల గొడవ నీకెందుకు? రేపు వాళ్లు నీ మొహం కూడా చూడరు."

"నాకు తెలిసింది చెప్పాను," అన్నాను. ఆ రాత్రి ఆయన మళ్లీ మాట్లాడలేదు.

మర్నాటి నుంచి భవనమూ మాట్లాడలేదు. తెలుగు సంఘం ఆడవాళ్లు ఫోన్ గ్రూపులోంచి నన్ను తీసేశారు. మెట్ల మీద అడుగులు నా గుమ్మం దగ్గరికి రాగానే వేగం పెంచేవి. ఎదురు తలుపు మీద కాగితం చింపేశారు, జిగురు మరక మాత్రం పోలేదు.

ఆ ఇల్లు కోదండానిది కాదనీ, సాక్షి అబద్ధమాడిందనీ ఆయన వకీలు కోర్టులో అన్నాడు. నన్ను సాక్ష్యానికి రమ్మని కోర్టు నుంచి కబురొచ్చింది.

కోర్టుకి వెళ్లాల్సిన ఉదయం జయదేవ్ పలకకుండానే ఆఫీసుకి వెళ్లిపోయారు. చీర కట్టుకుని కూర్చున్నాను. కోర్టు ఎటువైపో కూడా తెలియదు. నరసమ్మ వాళ్ల దగ్గర నా నంబరు లేదు. ఇల్లంతా నిశ్శబ్దం.

కింద వాచ్‌మన్ చెప్పులు విప్పమని అరిచాడు. "చప్పల్! చప్పల్ ఖోలో!"

"ఇప్పం!" నరసమ్మ గొంతు మూడంతస్తులూ వినపడింది. "కోర్టుకి మా సాచ్చిని తీసికెల్డానికొచ్చినాం. దారొగ్గు!"

మెట్ల మీద చప్పుడు మొదలైంది. రబ్బరు చెప్పులు, అరిగిన మడమలు, అన్నీ కలిసి పైకి వస్తున్నాయి. ఏ అడుగు ఎవరిదో చెప్పలేకపోయాను. లేచి, నా చెప్పులు తొడుక్కుని, తలుపు బార్లా తీశాను.