పెడచేత్తో చూడని రోజు

నేను ఒక బేస్ గిటార్‌ని. గిటార్ అనగానే మీకు గుర్తొచ్చేవాడు మా తమ్ముడు, ఆరు తీగలవాడు. కీచుమంటాడు, ఏడుస్తాడు, జనం చేత ఈలలు వేయిస్తాడు. నావి నాలుగే తీగలు, లావుపాటివి. నా గొంతు చెవికంటే ముందు రొమ్ముకి తగులుతుంది. నేను మోగుతున్నంతసేపూ నేనొకదాన్ని ఉన్నానని ఎవరికీ పట్టదు. ఆగిపోతే మాత్రం పాట మొత్తం కూలబడుతుంది. అప్పుడు కూడా తిట్లు డ్రమ్ములవాడికే పడతాయి.

పుట్టింది జపాన్‌లో. చెక్క కోసినవాడు ఒకడు, రంగు పూసింది ఒకావిడ, తీగలు బిగించింది ఇంకొకడు. వాళ్లలో ఒక్కరికీ నన్ను వాయించడం రాదు. ఒక ఓడ కళాసీ నన్ను కొనుక్కుని సముద్రాలన్నీ తిప్పాడు. నేర్చుకుంటానన్నాడు, నేర్చుకోలేదు. చివరికి విశాఖ రేవులో దిగి, గేటు బయట టీకొట్టు దగ్గర ఒక కుర్రాడి చేతిగడియారం పుచ్చుకుని నన్ను ఇచ్చేశాడు. ఆ కుర్రాడు బర్నబాసు. తండ్రి రైల్వే లోకోషెడ్డులో ఫిట్టరు. కొడుకు పరీక్ష పాసైనందుకు ఆ గడియారం కొనిపెట్టింది ఆయనే.

"నాలుగు తీగలే ఉన్నాయేట్రా? మిగతా రెండూ ఆడే ఉంచీసుకున్నాడా?" అన్నాడు ఆ తండ్రి. ఆ ప్రశ్న ఆయనతో మొదలై జన్మంతా నా వెంటబడింది.

బర్నబాసుకు నేనంటే ప్రాణం. వేళ్లు బొబ్బలెక్కాయి, చితికాయి, కాయలు కాశాయి. పక్క క్వార్టర్సులో ఉండే విక్టర్ చర్చిలో పాడేవాడు. ఇద్దరూ చిన్నప్పటి నుంచి ఒకే కంచంలో తిన్నవాళ్లు. ఇంకో ఇద్దరిని పోగుచేసి రాక్ బ్యాండు పెట్టారు. 'రస్టీ యాంకర్స్' అని దానికి పేరు. "తుప్పు లంగర్లు అనలేకపోయారా, ఇంగ్లీషెందుకు?" అని ఫిట్టరుగారు దెప్పేవాడు. కాలేజీ ఫంక్షన్లూ, పోర్టు క్లబ్బులూ, నేవీ వాళ్ల పార్టీలూ. ముందు విక్టర్, భుజాల దాకా జుట్టు, ఒట్టి కాళ్లు, గంతులు. వెనక డ్రమ్ముల పక్కన బర్నబాసు, రబ్బరు చెప్పులేసుకుని, గుంజలా కదలకుండా. ఆఖరి పాటలో మాత్రం విక్టర్ ఒక చేత్తో మైకు పట్టుకుని మా దగ్గరికి ఊగుతూ వచ్చి, రెండో చేత్తో నా లావు తీగను లాగి వదిలేవాడు. జనం వెర్రెత్తిపోయేవాళ్లు. నన్ను లోకం చూసేది ఆ ఒక్క క్షణమే. అది లేకుండా ఏ ప్రోగ్రామూ అయ్యేది కాదు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

ఆ రోజుల్లో మా యాంప్లిఫయర్ ప్లగ్గుకి రెండే కాళ్లు. ఇటు తిప్పి గుచ్చినా దూరుతుంది, అటు తిప్పినా దూరుతుంది. ఒక వైపు గుచ్చితే క్షేమం. రెండో వైపు గుచ్చితే కరెంటు నా తీగల్లోకి పాకుతుంది. ఏ వైపు మంచిదో స్టేజీ స్టేజీకీ మారిపోతుంది, కంటికి కనిపించదు. అందుకని ప్రతి ప్రోగ్రాముకి ముందు బర్నబాసు ఎడమ చెయ్యి నా తీగల మీద ఉంచి, కుడి పెడచేత్తో మైకును తాకేవాడు. అరచేత్తో తాకితే కరెంటు వేళ్లను బిగించి పట్టేస్తుంది. పెడచేత్తో అయితే చెయ్యి విదిలించుకుని బతికిపోతుంది. జిల్లుమంటే ప్లగ్గు తిప్పి గుచ్చేవాడు. నన్ను ఇంకెవరినీ తాకనిచ్చేవాడు కాదు గనక ఆ పని అతనిదే.

ఇంతలో బ్యాండులోకి కీబోర్డు వచ్చింది. మహాతల్లి, అన్ని గొంతులూ తనే పలుకుతానంటుంది. ఒక సాయంత్రం ఊరి చివర ఒక కాలేజీ మైదానంలో ప్రోగ్రాము. మధ్యాహ్నమంతా వాన కురిసి స్టేజీ నానిపోయి ఉంది. వ్యాను దిగుతూ విక్టర్ నెమ్మదిగా కదిపాడు.

"బర్నీ, ఏటనుకోకు. ఆ కీబోర్డు కుర్రోడు ఎడం చేత్తో బేస్ కూడా వాయించీస్తన్నాడు. వచ్చే నెల నుంచి నలుగురమే చాలంటన్నారు బయట."

"బయటోళ్లంటన్నారా, నువ్వంటన్నావా?"

విక్టర్ నేల చూశాడు. బర్నబాసు నన్ను తీసుకుని స్టేజీ వెనక కూర్చున్నాడు. కడుపులో పెట్టుకుని చూసుకున్న స్నేహితుడే కాదనేసరికి మనిషి ఉడికిపోయాడు. పిలిచేదాకా లేవలేదు.

మైకుసెట్టు పైడయ్యది. వైర్లు లాగి, డబ్బాలన్నీ ప్లగ్గుల్లో గుచ్చి, తుండుగుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"బర్నబాసు బాబూ, మైకు తాకి సూడరేటి?"

"నువ్వే సూసుకో!" అని కసిరాడు బర్నబాసు. పైడయ్య నా వైపు చూసి, ముట్టుకునే ధైర్యం చాలక వెనక్కి వెళ్లిపోయాడు.

ఆ వేళ నా ఒళ్లంతా కరెంటు. ఎవరికి చెప్పను? నాకున్నది ఒక గొంతు, అదీ ఇంకొకడు మీటితేనే పలికేది. రబ్బరు చెప్పుల మీద నిలబడ్డ బర్నబాసుకు ఏమీ తెలియలేదు. ఆఖరి పాటలో విక్టర్ ఎప్పటిలాగే వచ్చాడు. కానీ ఆ రోజు ఊగుతూ రాలేదు. స్నేహితుడి మొహంలోకి చూస్తూ, అలక తీర్చడానికి వచ్చినవాడిలా నవ్వుతూ వచ్చాడు. తీగను లాగాడు. చెయ్యి వదల్లేదు.

వదల్లేకపోయాడు. ఒళ్లు కొంకర్లు తిరుగుతుంటే అదో కొత్త ఆట అనుకుని జనం ఈలలు వేశారు. బర్నబాసు కాలితో ప్లగ్గు తన్ని ఊడగొట్టేసరికి విక్టర్ తడి చెక్కల మీద పడి ఉన్నాడు. ఈలలు ఇంకా ఆగలేదు. మనుషులంటే నాకు భయం పుట్టింది ఆ పూటే.

విక్టర్ పోయాడన్నారు డాక్టర్లు. ఆసుపత్రి వరండాలో అతని తల్లి దీనమ్మ బర్నబాసు మొహం రెండు చేతులతో పట్టుకుంది. "నువ్వు రోజూ చెయ్యానించి చూస్తావు కదా నాయనా. ఇవేళ చూసేవా?"

"చూసేనమ్మా. బాగానే ఉంది," అన్నాడు బర్నబాసు.

ఒక్క మాట. తల్లి ముందు నోరు జారిన మాటే పోలీసుల ముందూ చెప్పాల్సి వచ్చింది, కోర్టులోనూ చెప్పాల్సి వచ్చింది. గిటారతను చూసినప్పుడు బాగానే ఉందంటే, ఆ తర్వాత చెడింది వైరింగేనని తేల్చారు. "నన్నే సూసుకోమన్నాడు బాబూ," అన్నాడు పైడయ్య. "మరి నువ్వెందుకు చూడలేదు?" అన్నారు వాళ్లు. ఆ అమాయకుడు జైలుకు పోయాడు.

బర్నబాసు నన్ను ముట్టనని పెట్టెలో పెట్టేశాడు. దీనమ్మ ఒప్పుకోలేదు. "నువ్వు కూడా మానేస్తే నా కొడుకు రెండోసారి పోయినట్టేరా," అని ఏడ్చి, నన్ను తానే తీసి అతని భుజానికి తగిలించింది. అలా సాగింది ఆ ఉద్యోగం. హోటళ్లలో వాయించాడు, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో వాయించాడు, మద్రాసు వెళ్లి రికార్డింగుల్లో ఎవరి పేరునో మోసే పాటలకు వాయించాడు. మంచి చెయ్యి అనే పేరొచ్చింది. కానీ పెడచెయ్యి ఆనించి, మళ్లీ ఆనించి, పాటకీ పాటకీ మధ్య కూడా ఆనించేవాడు. "ఏం గురూ, మైకుకి దిష్టి తీస్తున్నావా?" అని కొత్త కుర్రాళ్లు నవ్వేవాళ్లు. అతను వాళ్లతో నవ్వేవాడు కాదు, కోప్పడేవాడూ కాదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనని నేను లోలోపల తిట్టుకునేదాన్ని.

జుట్టు నెరిశాక మద్రాసులో పనులు తగ్గి విశాఖ వచ్చేశాడు. పెళ్లి లేదు, పిల్లల్లేరు. ప్రతి ఆదివారం చర్చి అవగానే దీనమ్మ ఇంట్లోనే భోజనం. ఒక ఆదివారం ఆవిడ కంచం ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. "ప్రభువా, నా బిడ్డను తీసుకున్నా, వాణ్ణి ఆఖరి దాకా కాపాడాలని చూసిన ఈ బిడ్డను నాకిచ్చావు. నీకు స్తోత్రం."

బర్నబాసు కంచం ముందు నుంచి లేచిపోయాడు. గోడకు ఆనుకుని, చంటిపిల్లాడిలా వెక్కుతూ, "నేను చూళ్లేదమ్మా. ఆ రోజు నేను మైకు తాకలేదు. అలిగి కూచున్నాను. నీకు అబద్ధం చెప్పాను," అన్నాడు.

దీనమ్మ కొడుతుందనుకున్నాను. పొమ్మంటుందనుకున్నాను. ఆవిడ కూర గిన్నె మీద మూత పెట్టింది.

"నాకు చెప్తే ఏటొస్తాదిరా? నా కొడుకు ఎలాగా రాడు. ఆ పైడయ్యకి చెప్పేవా?"

ఆ మధ్యాహ్నమే బయల్దేరాడు. నన్నెందుకు భుజాన వేసుకున్నాడో అతనికీ తెలియదనుకుంటాను. అడుగుతూ అడుగుతూ భీమిలి రోడ్డు పక్కన ఒక రేకుల ఇల్లు పట్టుకున్నాడు. పైడయ్య భార్య అసిరమ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది.

"పైడయ్య ఉన్నాడా?"

"ఆయనెక్కడున్నాడు బాబూ? జైల్నించొచ్చాక ఒక్కడూ పన్లోకి పిలవనేదు. తాగేడు, తాగేడు, పోనాడు. మీరెవురు?"

పేరు చెప్పాడు. ఆవిడ చేతిలో గింజ అలాగే ఆగింది. బర్నబాసు నిలబడే చెప్పాడు, తను చూడాల్సింది చూడలేదని, చూశానని చెప్పి ఆమె మొగుణ్ణి జైలుకి పంపింది తనేనని, పైడయ్య తప్పు ఆవగింజంత కూడా లేదని.

"నాకెరికే," అంది అసిరమ్మ. "నాకు మొదట్నించీ ఎరికే బాబూ. ఆయనకే తెలవదు. 'నువ్వే సూసుకో అన్నాడే, నాను సూడనేదే, ఆ పిల్లడ్ని నానే సంపీసినానే' అని రేత్రీ పగలూ తల బాదుకునీవోడు. ఎంత సెప్పినా ఇననేదు. నువ్వొచ్చి సెప్పుంటే ఇనీవోడు."

బర్నబాసు నన్ను గోడకి ఆనించి, వంగి ఆవిడ కాళ్లు పట్టుకోబోతే ఆవిడ కాళ్లు వెనక్కి లాక్కుంది. అలాగే లేచి వెళ్లిపోయాడు. నన్ను మరిచాడో, కావాలనే వదిలాడో నాకు తెలియదు. మళ్లీ రాలేదు.

అసిరమ్మ నన్నేం చేసుకుంటుంది? కొన్నాళ్లు వసారాలో ఉంచింది. తర్వాత పెరట్లో కోళ్లగూడు తలుపు గాలికి కొట్టుకుంటోందని నన్ను దానికి దన్నుగా పెట్టింది. ఇంత బతుకూ బతికి ఇంటి వెనకాల అంటారు కదా, అచ్చంగా అదే. రెండు తీగలు తెగిపోయాయి, మిగతావి తుప్పెక్కాయి. కోళ్లు నా మీద నిద్రపోతాయి. దానికి నాకు బెంగ లేదు. బర్నబాసు మాట దీనమ్మకు తెలిసింది, అసిరమ్మకు తెలిసింది, ఇప్పుడు మీకూ తెలిసింది. తెలియాల్సిన మనిషికి మాత్రం తెలియలేదు.