పద్నాలుగు పేజీలు

మద్రాసులో ట్రాములు ఆగిపోయి అప్పటికి రెండేళ్ళయింది. చింతాద్రిపేటలో అందరూ మొదలాళి అని పిలిచే యజమాని రంగసామి అద్దాల వర్క్‌షాపులో యతిరాజులు, మునిరత్నం ఒకే బల్ల ముందు కూర్చుని పనిచేసేవాళ్ళు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు దాకా కళ్ళజోళ్ళకి లెన్సులు అరగదీయడమే పని. డాక్టరు చీటీలో ఉన్న నంబరుకి తగిన ఇనప అచ్చు తీసుకోవడం, ఎమరీ పొడి చల్లి గాజుని దాని మీద తిప్పడం. ఆ నంబరుకి ఆ వంపే ఎందుకుండాలో ఇద్దరికీ తెలీదు. తెలుసుకోవాలని మాత్రం ఇద్దరికీ ఉండేది.

మునిరత్నం ఆరేళ్ళు పెద్ద. యతిరాజులుకి గాజు పట్టుకోవడం నేర్పింది అతనే. ఎనిమిదో క్లాసుతో చదువు ఆగిపోయినా లెక్కల్లో చురుకు. యతిరాజులు స్కూలు ఫైనలు పాసైనవాడు, ఇంగ్లీషు గడగడా చదివేవాడు. ఆ సంగతి మనసులో ఎప్పుడూ గుర్తుంచుకునేవాడు కూడా.

ఒకరోజు భక్తవత్సలం వాద్యారు కళ్ళజోడు సరిచేయించుకోవడానికి వచ్చాడు. కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైన మనిషి. మునిరత్నం చేతులు తుడుచుకుని అడిగాడు.

"సార్, లెన్సు లెక్క మేమే కట్టుకోవాలంటే ఏం చదవాల?"

వాద్యారు ఇద్దర్నీ పరకాయించి చూసి, రసీదు వెనక మూడు పుస్తకాల పేర్లు రాశాడు.

"ఈ వరస తప్పద్దు. మొదటిది సన్నది. వెలుగు గాజులో ఎట్టా వంగుతుందో బొమ్మలేసి చెప్తుంది. మూర్ మార్కెట్లో పాత పుస్తకాల అంగళ్ళలో వెతకండి. రెండోది లావుది, ఆకుపచ్చ అట్ట. లెన్సు లెక్కంతా దాంట్లోనే ఉండాది. ఊరంతటికీ ఒకే కాపీ. పెరియమేడులో ఇంజనీర్ల సంఘం చదువుగదిలో పెట్టినారు. ఇంటికియ్యరు, ఆడనే కూచుని చదువుకోవాల."

"మూడోది సార్?"

"అది ఇప్పుడు ముట్టుకోవద్దు. తల తిరిగిపోతుంది."

సన్న పుస్తకం రెండు ఆదివారాలు తిరిగితే దొరికింది. చెదలు తిన్న అంచులు, లోపల బొమ్మలు బాగానే ఉన్నాయి. పెరంబూరులో మునిరత్నం ఇంటి అరుగు మీద కూర్చుని ఇద్దరూ చదివారు. యతిరాజులు ఇంగ్లీషు చదివి చెప్పేవాడు, మునిరత్నం లెక్క చేసి చూపించేవాడు. మునిరత్నం భార్య మునెమ్మ కాఫీ తెచ్చిపెట్టి, "మీ ఇద్దరికీ గాజు పిచ్చి పట్టింది" అని నవ్వేది. మూడు నెలల్లో పుస్తకం అయిపోయింది.

అప్పుడే మొదలాళికి కొత్త పని వచ్చింది. భూములు కొలిచే ఒక సర్వే కంపెనీ దుర్భిణులకి ముందువైపు లెన్సులు పగిలిపోయాయి. విదేశాల నుంచి తెప్పించడానికి లైసెన్సు రావడం లేదు. ఇక్కడే చేసిస్తారా అని అడిగారు. మొదలాళి ఒప్పుకున్నాడు. దానికి రెండు రకాల గాజు కావాలి. క్రౌన్ గాజు మామూలుగా దొరికేదే. ఫ్లింటు గాజు మాత్రం బొంబాయి నుంచి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. వచ్చింది ఒకే ఒక పలక. రెండు రకాల గాజూ అతికిస్తేగానీ బొమ్మ చుట్టూ రంగులు పోవు. ఏ వంపుకి ఏ వంపు సరిపోతుందన్నదే లెక్క.

"మునిరత్నం లెక్క కట్టనీ" అన్నాడు మొదలాళి. "పెద్దవాడు. నిదానస్తుడు. రాజులూ, నువ్వు సాయం ఉండు."

యతిరాజులు తలూపాడు. ఇంగ్లీషు కూడబలుక్కుని చదివే మనిషికి తాను సాయమా అని లోపల మండింది.

అయిదు తర్వాత పనిముట్లు కడిగి తలుపులు మూయడానికి ఒకరు ఉండాలి గనక, పెరియమేడు చదువుగదికి రోజు మార్చి రోజు వెళ్ళడం మొదలుపెట్టారు. గది ఆరున్నరకి మూసేస్తారు. అయిదుకి పని దిగి, పరుగులాంటి నడకతో వెళితే గంట దొరికేది. నాలుగో అధ్యాయానికి ముందు చేరుకున్నది యతిరాజులే.

ఆ అధ్యాయంలోనే అసలు సంగతి ఉంది. వాళ్ళు చదివిన సన్న పుస్తకంలో, బయటికి ఉబ్బిన వంపు ఏ పక్కనున్నా దానికి కూడిక గుర్తే. ఈ పుస్తకంలో అలా కాదు. వంపు కేంద్రం ఏ పక్కన పడుతుందో చూసి గుర్తు పెట్టాలి. "ఇతర పుస్తకాల పద్ధతిని దీనితో కలిపితే లెక్క తప్పుతుంది" అని ఆ అధ్యాయం మొదటి పేజీలోనే హెచ్చరిక ఉంది. దాని వెంట, ఇలాంటి జంట లెన్సుకే మొదటినుంచి చివరిదాకా చేసి చూపించిన లెక్క.

యతిరాజులు గబగబా ఎత్తి రాసుకోసాగాడు. రెండు పేజీలైనా పూర్తి కాలేదు. ప్యూను సుబ్బన్ ఫ్యాన్లు ఆపుతూ, "టైమాయె సార్" అన్నాడు. మర్నాడు మునిరత్నం వంతు.

పెన్సిలు చెక్కుకునే బ్లేడు జేబులో ఉంది. సుబ్బన్ కిటికీలు వేయడానికి అటు తిరిగాడు. ఏడు కాగితాలు, పద్నాలుగు పేజీలు. కోసి, చొక్కా లోపల పెట్టుకుని బయటికి వచ్చాడు. రేపెల్లుండి తిరిగి పెట్టేస్తానులే అనుకున్నాడు. రోడ్డు దాటేలోపలే, పెట్టనని అతనికి తెలిసిపోయింది.

మర్నాడు సాయంత్రం వెళ్ళి వచ్చిన మునిరత్నం, ఆ మరుసటి పొద్దున బల్ల దగ్గర కూర్చుంటూనే అన్నాడు.

"నాలుగో అధ్యాయం లేదురా. ఎవడో పాపాత్ముడు బ్లేడుతో కోసుకుపోయినాడు. పాపం ఆ సుబ్బన్, తననెక్కడ అంటారో అని బిక్కచచ్చి ఉండాడు."

"అయ్యో, అట్టనా అన్నా" అన్నాడు యతిరాజులు, గాజు మీంచి చూపు ఎత్తకుండా.

మునిరత్నం వదల్లేదు. అయిదో అధ్యాయంలో సూత్రాలు ఉన్నాయి. గుర్తులు సన్న పుస్తకంలో నేర్చుకున్నవే వాడాడు. లాగ్ టేబుళ్ళు ముందేసుకుని ఇరవై రోజులు కూర్చున్నాడు. ఒక్కొక్క కిరణాన్నీ ఒక్కొక్క వంపు దాటించి, అయిదు దశాంశ స్థానాల దాకా లెక్క కట్టాడు. చివరికి ఆరు కాగితాలు యతిరాజులు ముందు పెట్టాడు.

"నువ్వు ఇంగ్లీషు చదివినోడివి. గాజు ఒకటే పలక. ఒకతూరి నిదానంగా చూడు నాయనా. నువ్వు సరేనంటేనే అచ్చు మీద పెడతా."

యతిరాజులు మధ్యాహ్నం అన్నాల వేళ వేపచెట్టు నీడలో కూర్చుని చూశాడు. కూడికలు, హెచ్చవేతలు ఒక్కటీ తప్పు లేదు. అయిదో కాగితంలో మాత్రం, చివరి వంపు దగ్గర గుర్తు తిరగబడింది. బయటికి ఉబ్బాల్సిన చోట లోపలికి గుంట వచ్చింది. వేలు పెట్టి చూపిస్తే అరనిమిషం పని.

మునిరత్నం చెంబుతో నీళ్ళు తాగుతూ, అతని మొహం వైపే చూస్తున్నాడు.

"సరిగానే ఉండాది అన్నా" అన్నాడు యతిరాజులు.

ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందని తర్వాత ఎన్నోసార్లు తనని తాను అడిగాడు. కోపంలో అన్నది కాదు. అనుకోకుండా అన్నదీ కాదు. ఇద్దర్లో ఎవరికి ఎంత తెలుసో ఈ ఒక్కసారి మొదలాళి చూడాలనే అలా అన్నాడు. గాజు అచ్చు మీదికి ఎక్కేలోపల చెప్పేద్దామని కూడా అనుకున్నాడు. మునిరత్నం సాయంత్రమే ఫ్లింటు పలకని సగానికి కోసి పని మొదలుపెట్టాడు.

మూడు వారాలు పట్టింది. వాటిల్లో ప్రతి పొద్దునా చెప్పడానికి వీలుంది. చెప్పలేదు.

లెన్సు తయారయ్యాక దుర్భిణికి బిగించి మేడ మీదికి తీసుకుపోయారు. మొదలాళి సెంట్రల్ స్టేషను గడియారం వైపు తిప్పి కన్ను పెట్టాడు. ముందుకీ వెనక్కీ జరిపి మళ్ళీ చూశాడు.

"మునిరత్నం, ఆ గడియారానికి ముళ్ళు ఎన్ని?"

మునిరత్నం చూశాడు. గడియారం చుట్టూ ఊదా రంగు పొగలాగా ఉంది. ముళ్ళు కనబడలేదు. ఎంత తిప్పినా బొమ్మ నిలబడలేదు. అతని మెడ మీద చెమట కారడం యతిరాజులు వెనక నించుని చూశాడు.

"రాజులుకి చూపించినావా లెక్క?" అన్నాడు మొదలాళి.

"చూపించినా. తప్పు నాదే మొదలాళీ. లెక్క నాది గదా" అన్నాడు మునిరత్నం.

అతన్ని ఎవరూ పొమ్మనలేదు. రెండు రోజులాగి తనే మానేశాడు. మూర్ మార్కెట్ దగ్గర ఒక అంగడి ముందు పెట్టె పెట్టుకుని కళ్ళజోళ్ళకి మరలు బిగించే పనికి కూర్చున్నాడు.

మిగిలిన సగం పలకతో యతిరాజులు లెన్సు చేశాడు. పద్నాలుగు పేజీలూ తలుపు గడియ వేసుకుని చూసుకున్నాడు. ఈసారి గడియారం ముళ్ళే కాదు, దాని అంచున కూర్చున్న కాకి ముక్కు కూడా కనిపించింది. మొదలాళి అతన్ని మేస్త్రీని చేశాడు. ఆ రోజు భార్య కనకవల్లి సేమ్యా పాయసం చేసింది. రెండు గరిటెలు తిని లేచిపోయాడు. అప్పట్నించి మూర్ మార్కెట్ వైపు పోవాల్సి వస్తే చుట్టు తిరిగి పోయేవాడు.

నాలుగు నెలల తర్వాత ఒక ఆదివారం పొద్దున మునిరత్నమే ఇంటికి వచ్చాడు. చిక్కిపోయాడు. చేతి సంచిలోంచి సన్న పుస్తకం, లాగ్ టేబుళ్ళు, మూడు నోటు పుస్తకాలు తీసి చాప మీద పెట్టాడు.

"నీకు పనికొస్తాయి, పెట్టుకో. ఈ నాలుగు నెల్లూ తిప్పి తిప్పి లెక్క కట్టినా. ఎన్నితూర్లు కట్టినా అదే వస్తా ఉండాది. తప్పు యాడుండాదో కనిపెట్టలేకపోయినా. నాకు బుర్ర లేదురా. ఉండాదనుకున్నా, లేదు. అది తెలుసుకునేదానికి అర పలక గాజు పాడుచేసినా."

మునిరత్నం కాఫీ తాగి, కనకవల్లిని బాగోగులు అడిగి వెళ్ళిపోయాడు. యతిరాజులు నోటు పుస్తకం తెరిస్తే అదే లెక్క. ఒకసారి కాదు, పదకొండుసార్లు. అక్షరాలు మొదట గుండ్రంగా ఉండి, పోనుపోను వంకర్లు పోయాయి.

"ఆయన ఏమన్నా అన్నారా?" అంది కనకవల్లి, మొగుడి మొహం చూసి.

"ఏమీ అనలే. తిట్టుంటే బాగుండు."

పెట్టె అడుగునుంచి ఆ ఏడు కాగితాలూ తీసి ఆమె ముందు పెట్టి జరిగిందంతా చెప్పాడు. అంతా విన్నాక కనకవల్లి లేచి అతని చొక్కా తెచ్చి చేతికిచ్చింది.

"నాకు చెప్తే ఏం లాభం? పోండి."

పెరంబూరు చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. మునెమ్మ, "రా రాజులూ, వచ్చి ఎన్నాళ్ళాయె" అంటూ మజ్జిగ తెచ్చింది. యతిరాజులు గ్లాసు ముట్టుకోలేదు. కాగితాలు మునిరత్నం చేతిలో పెట్టాడు.

"కోసింది నేనే అన్నా."

మునిరత్నం అతన్ని చూడలేదు. కాగితాలనే చూశాడు. మొదటి పేజీలోని ఇంగ్లీషు పెదాలు కదుపుతూ రెండుసార్లు చదువుకున్నాడు. గూట్లోంచి పెన్సిలు తీసి, అరుగు మీద బోర్లా పడుకుని, కాలెండరు కాగితం వెనక లెక్క మొదలుపెట్టాడు. నోటు పుస్తకం లేకపోయినా అంకెలన్నీ అతనికి నోటికే ఉన్నాయి. ముక్కాలు గంట పట్టింది. యతిరాజులు అలాగే నించున్నాడు.

"ఒక్క గుర్తు" అన్నాడు మునిరత్నం చివరికి. "మునెమ్మా, ఒక్క గుర్తే. తక్కినదంతా సరిగ్గానే కట్టినాను!" అతను నవ్వాడు. కళ్ళు తుడుచుకున్నాడు. మళ్ళీ కాగితం చూసుకున్నాడు. అప్పుడు నవ్వు ఆగిపోయింది.

"నేను చూపించిన రోజున, ఇది నీకు తెలుసా?"

"తెలుసు."

మునెమ్మ మజ్జిగ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

"పేజీలు కోసినావు. అది ఆశ. నీ జాగాలో నేనుంటే నేనూ కోసుందునేమో. కానీ చూసి, సరిగానే ఉండాదన్నావే. దాన్ని ఏమనాల రాజులూ? నాలుగు నెల్లు నన్ను నేను దద్దమ్మననుకున్నా."

"మొదలాళికి చెప్పేస్తా అన్నా. ఈ రోజే చెప్తా."

"నాకోసమని చెప్పద్దు. నీకు కావాలంటే చెప్పుకో. ఇంక పో."

ఆ సాయంత్రమే యతిరాజులు మొదలాళి ఇంటికి వెళ్ళి చెప్పాడు. మర్నాడు పెరియమేడు పోయి, ఏడు కాగితాలూ చదువుగది అధికారికి ఇచ్చాడు. ఆయన చదువుగదికి వచ్చేవాళ్ళ పట్టీలో అతని పేరు కొట్టేసి, మళ్ళీ మెట్లెక్కద్దన్నాడు. ప్యూను సుబ్బన్‌ని వెతికి పట్టుకుని, చేతులు జోడించాడు. సుబ్బన్ తమిళంలో నాలుగు మాటలు గట్టిగానే అన్నాడు. యతిరాజులు అన్నీ విని వచ్చాడు.

మొదలాళి అతన్ని పనిలోంచి తీసేయలేదు. "చేతులు మంచివే, బుద్ధే చెడ్డది" అని మేస్త్రీ పని తీసేసి ముతక ఎమరీ బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. మునిరత్నం కోసం మూర్ మార్కెట్‌కి తనే వెళ్ళాడు. మొదటిరోజు మునిరత్నం రానన్నాడు. రెండోసారి వెళితే ఆలోచిస్తానన్నాడు. పదిహేను రోజుల తర్వాత ఒక సోమవారం పొద్దున వచ్చి, చొక్కా విప్పి మేకుకి తగిలించి, కిటికీ దగ్గర కొత్త బల్ల ముందు కూర్చున్నాడు. యతిరాజులు వైపు చూడలేదు.

బొంబాయి నుంచి కొత్తగా వచ్చిన ఫ్లింటు గాజుతో సర్వే కంపెనీ లెన్సులన్నీ ఇక అతనే చేశాడు. మూడో పుస్తకం కూడా వాద్యారు దగ్గర కూర్చుని చదవడం మొదలుపెట్టాడని ఎవరో అంటే యతిరాజులు విన్నాడు. అతనికి సంతోషం కలిగింది. ఆ సంతోషం పైకి చెప్పుకునే హక్కు తనకి లేదని కూడా తెలుసు. ఒప్పేసుకుంటే మనసు తేలికవుతుందని ఎక్కడో విన్నాడు. అవలేదు. ఒకే గదిలో, ఆరడుగుల దూరంలో, ఆ మనిషి మౌనం పక్కన రోజంతా గాజు అరగదీయడం అంత తేలికేమీ కాదు.

రెండు నెలలు గడిచాయి. వానాకాలం మొదలైన ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. మబ్బుకి గది చీకటిగా ఉంది. యతిరాజులు చేతిలోని గాజు ఎగుడుదిగుడుగా అరుగుతున్న చప్పుడు మునిరత్నం చెవిన పడింది.

"బరువు ఎడం చేత్తో వేస్తా ఉండావు" అన్నాడు తల తిప్పకుండానే. "చెయ్యి మార్చు."

యతిరాజులు చెయ్యి మార్చాడు. "సరే అన్నా" అన్నాడు. మునిరత్నం తన గాజు మీద మళ్ళీ ఎమరీ చల్లుకున్నాడు. ఇద్దరూ పని చేసుకుంటూ కూర్చున్నారు.